అమ్మకి నేనే ముక్కు

సెప్టెంబర్ 14, శనివారం

ఈ రోజు కూడా ఎవరికీ తెలియలేదు.

సాయంత్రం పడవ దిగినవాళ్ళని నేనే సందుల్లో తిప్పాను. నా ఇంగ్లీషు చదువుకి ఇన్నాళ్ళకి దొరికిన ఉపయోగం ఇదొక్కటేనని నాయనమ్మ అంటుంది. మా ఊరు బిర్గు అంతా తిప్పాలి, కాళ్ళకి నొప్పులు పుట్టించాలి, ఆకలి పుట్టించాలి, చివరికి తీసుకొచ్చి నీటి ఒడ్డున మన హోటల్ బల్లల ముందు కూర్చోబెట్టాలి. కోట గోడ చూపిస్తాను. యోధులు ఉన్న పాత ఇళ్ళు చూపిస్తాను. తట్టడానికి తలుపులకి వేలాడే ఇత్తడి డాల్ఫిన్లు చూపిస్తాను. అందరికీ డాల్ఫిన్లే నచ్చుతాయి.

మా వంటింటి వెనక సందులో కూడా అలాంటి తలుపు ఒకటి ఉంది. ఊళ్ళో అంతకన్నా మంచివి చాలా ఉన్నాయి. కానీ నేను అక్కడే ఎక్కువసేపు ఆపుతాను. వాళ్ళు ఫోటోలు తీసుకుంటుంటే అమ్మ కిటికీ ఊచల్లోంచి చెంచా బయటికి పెడుతుంది. నేను రుచి చూసి, "ఉప్పు చాలు, మరువం ఇంకొంచెం" అని గొణుగుతాను. చెంచా లోపలికి వెళ్ళిపోతుంది.

ఇవాళ ఒక జర్మన్ ఆవిడ చూసేసింది. "ఇది కూడా మీరు చూపించేవాటిలో భాగమేనా?" అని అడిగింది. అవునన్నాను. అయితే నాకూ ఒక చెంచా అంది. ఆమె వెనక మిగతావాళ్ళంతా వరస కట్టారు. అమ్మ లోపల నుంచి ఒక్కొక్కరికీ చెంచా అందిస్తూనే ఉంది. ఆమె మొహం నాకు కనబడలేదు, ఊచల్లోంచి చెయ్యి మాత్రం వస్తూ పోతూ ఉంది.

ఇది మా ఇంటి భాషలోనే రాస్తున్నాను. బ్యాగులో ఉండగా స్కూల్లో ఎవరైనా తీసినా, మా క్లాసు పిల్లలు దీన్ని కూడబలుక్కుని చదివేసరికి బెల్లు కొడతారు. నాయనమ్మ మేడ మెట్లు ఎక్కదు.


సెప్టెంబర్ 15, ఆదివారం

పడుకుంటే నిద్ర రాలేదు. ఒకసారి రాసేసుకుంటే తేలికవుతుందేమో.

ఫిబ్రవరిలో జ్వరం వచ్చింది. అందరికీ వచ్చింది, అందరికీ తగ్గింది. అమ్మకి జ్వరం తగ్గింది కానీ వాసన తిరిగి రాలేదు. వాసన లేకపోతే రుచి కూడా ఉండదట. ఉప్పగా ఉందా, పుల్లగా ఉందా అన్నంత వరకే తెలుస్తుంది, అదీ లీలగా. నాకు చెప్పింది ఆమె కాదు. ఒక పొద్దున పాలు పొంగి మాడి, ఇల్లంతా కంపు కొడుతుంటే, ఆమె ఆ పొయ్యి పక్కనే నిలబడి పాట పాడుకుంటోంది. అప్పుడు తెలిసింది.

నాన్న మమ్మల్ని వదిలేసి పక్క దీవి గోజోలో ఇంకొకావిడతో ఉంటున్నాడు. ఈ ఇల్లు నాయనమ్మది. కింద హోటలు నాయనమ్మది. మేము పై గదుల్లో ఉండేది అమ్మ వంట కోసం. మార్చిలో నాయనమ్మ బాబాయ్‌తో అమ్మ గురించి అంటుంటే మెట్ల మీంచి విన్నాను: "మార్తేజ్ చేతి వంట ఉన్నన్నాళ్ళు ఉంటుంది. తర్వాత సిజ్జీవిలో వాళ్ళ పొలాలు ఉన్నాయిగా." అమ్మ పుట్టినూరు సిజ్జీవిలో ఆ పొలాలు మామయ్యలు ఎప్పుడో అమ్మేశారు. ఆ సంగతి నాయనమ్మకీ తెలుసు.

విస్తిన్ బాబాయ్ భార్య డోరియాన్ పిన్ని స్టార్ హోటల్లో బఫే వంటలు చేస్తుంది. వంటిల్లు తనకి కావాలని ఆమె ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. వచ్చినప్పుడల్లా గిన్నెల మూతలు మాత్రం తీసి చూస్తుంది.

అందుకని నేను వాసన చూస్తాను. స్కూలున్న రోజుల్లో కూడా పొద్దున చేపలు వచ్చేసరికి బస్సుకి తయారై కిందికి దిగుతాను. సాయంత్రం చేపల చారు, వేపుడు, సాస్. మా హోటల్ తెరిచేది సాయంత్రాలే, అదొక్కటే అదృష్టం.

తేలికవలేదు.


సెప్టెంబర్ 17, మంగళవారం

వాసన మళ్ళీ రావాలంటే రోజూ అవే వాసనలు పీల్చి, వాటి పేర్లు చెప్పుకోవాలని డాక్టరమ్మ చెప్పిందట. సీసాల్లో లవంగాలు, నిమ్మతొక్కలు పెట్టుకుంటే నాయనమ్మ ఏమిటని అడుగుతుంది. అందుకని పొద్దున్నే నడుస్తున్నాం. నాయనమ్మతో నడుంనొప్పికి మంచిదని చెప్పాం.

"నడుంనొప్పికి వంగి నేల తుడిస్తే చాలు, ఊరేగక్కర్లేదు," అంది నాయనమ్మ.

ముందు రొట్టెల బట్టీ. తర్వాత గుడి పక్క తలుపు, అక్కడ సాంబ్రాణి. తర్వాత కోట గోడ మీద కేపర్ తీగ, మొగ్గలు ఉప్పులో ఊరేసేది, ఆకు నలిపితే చాలు. తర్వాత పడవలకి రంగులేసే షెడ్డు. చివర నీటి ఒడ్డు, డీజిలు, ఉప్పు, నాచు.

అమ్మ అన్నీ సరిగ్గా చెప్పింది. ఒక్కటీ తప్పు పోలేదు.


సెప్టెంబర్ 20, శుక్రవారం

మళ్ళీ అన్నీ సరిగ్గా చెప్పింది! చెన్సు తాత ఎదురయ్యాడు. ఓడల రేవులో పనిచేసి రిటైరైన ఆయన రోజూ సాయంత్రం మా దగ్గర చారు తాగుతాడు, రోజూ ఏదో ఒకటి అంటాడు.

"ఏమ్మా మార్తేజ్, కుక్కపిల్లలా గోడలు వాసన చూస్తున్నావ్?"

"ఎవరు తడిపారా అని చూస్తున్నాను చెన్సు మావయ్యా. నువ్వే అయ్యుంటావ్."

ఆయన పడీ పడీ నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఆయన మలుపు తిరిగాక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.


సెప్టెంబర్ 22, ఆదివారం

కళ్ళు తెరుచుకుని చూస్తే ఎవరైనా చెప్తారు కదా. బట్టీ ముందు నిలబడి రొట్టె అనడానికి ముక్కెందుకు?

ఇవాళ కళ్ళు మూసుకోమన్నాను. మోచెయ్యి పట్టుకుని నడిపించాను. అయినా సరిగ్గానే చెప్పింది. రొట్టె. సాంబ్రాణి. కేపర్.

తిరిగొచ్చాక నాకు ఎందుకో ఆలోచన వచ్చింది. పదహారేళ్ళ నుంచి ఆమె ఈ సందుల్లో కూరగాయల సంచీ మోసుకుంటూ తిరుగుతోంది. ఏ రాయి ఎక్కడ ఎత్తుగా ఉందో ఆమె పాదానికి తెలుసు.


సెప్టెంబర్ 24, మంగళవారం

ఇవాళ దారి మార్చాను. చెప్పకుండా మార్చాను. బట్టీకి ఒక సందు ఇవతలే తిప్పి, పిల్లులు ఉచ్చ పోసే ఆ మూసేసిన గుమ్మం ముందు ఆపాను. నాకే కళ్ళు మండాయి.

"ఇదేమిటమ్మా?"

అమ్మ కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది. మొహం వెలిగింది. "రొట్టె," అంది. "ఇప్పుడే తీసినట్టున్నారు."

గాలి అటు నుంచే వీస్తోంది. నిజంగానే రొట్టె వాసన వచ్చి ఉండొచ్చు. ఆ వాసనలో ఈ వాసన తెలియకపోయి ఉండొచ్చు.

గాలి అటు నుంచే వీస్తోంది, నేను చూశాను.


సెప్టెంబర్ 25, బుధవారం

స్కూల్ తెరిచారు. ఈ ఏడాది మే నెలలో బోర్డు పరీక్షలు. నా పక్కన కూర్చున్న అమ్మాయి నా జుట్టు దగ్గర ముక్కు పెట్టి, "వేపుడు," అంది. వాళ్ళందరికీ ముక్కులు బాగానే పనిచేస్తాయి.


అక్టోబర్ 3, గురువారం

డోరియాన్ పిన్ని వచ్చింది. మామూలుగానే మూత తీసింది.

"అక్కా, చారులో పుదీనా వేశావా? ఎప్పుడూ మరువమే కదా వేసేదానివి?"

నేను చెప్పాను అమ్మకి, మరువం అయిపోతే పుదీనా వెయ్యమని. నాకు బాగుందనిపించింది.

"మార్పు కోసం," అంది అమ్మ.

"బాగుంది. మా హోటల్లో ఇలాగే చేస్తాం." పిన్ని అంతే అంది. నిజంగా అంతే అంది. కానీ నాయనమ్మ గుమ్మం దగ్గర తన కుర్చీలోంచి అరిచింది: "ఏం మార్పు? ఎవరికోసం మార్పు? నలభై ఏళ్ళుగా మరువం వేస్తున్నాం. సిజ్జీవివాళ్ళు పొలంలో ఏది మొలిస్తే అది వేసుకుంటారు, ఇక్కడ కాదు."

అమ్మ మూత మళ్ళీ పెట్టేసింది. పిన్ని వెళ్ళేటప్పుడు నా భుజం తట్టి, "నువ్వేంటి ఇలే, ఎప్పుడు చూసినా వంటింట్లోనే ఉంటున్నావ్? చదువుకోవా?" అంది.

ఆమెకి తెలిసిపోయిందా? తెలిసే అందా?


అక్టోబర్ 4, శుక్రవారం

తెలియలేదు. తెలిసుంటే ఈపాటికి చెప్పేసేది.


అక్టోబర్ 9, బుధవారం

కాస్త తుమ్ములు. ఏం కాదు. బస్సులో అందరూ తుమ్ముతున్నారు.


అక్టోబర్ 10, గురువారం

రెండు ముక్కు రంధ్రాలూ మూసుకుపోయాయి.

సాయంత్రం అమ్మ కిటికీలోంచి చెంచా పెట్టింది. వేడిగా ఉంది, తడిగా ఉంది. అంతే. వేడినీళ్ళు తాగినట్టుంది.

"ఉప్పు?"

"ఇంకొంచెం," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఏదో ఒకటి అనాలిగా. ఊరికే నిలబడితే ఏమైందని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. చెప్తే ఆమె ఏం చేస్తుంది? రేపటి చేపలకి ఎవరున్నారు?

చెన్సు తాత చారు తాగుతూ మంచినీళ్ళు రెండుసార్లు తెప్పించుకున్నాడు. "ఇవాళ సముద్రం గిన్నెలోకే వచ్చేసిందే," అన్నాడు. ఆయన రోజూ ఏదో ఒకటి అంటాడు.

ముక్కు చీదుకోవాల్సి వస్తే పై గదిలోకి వస్తున్నాను. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో చీదుకుంటున్నాను.


అక్టోబర్ 11, శుక్రవారం

పొద్దున చేపల పెట్టె మీద మొహం పెట్టి తల ఊపాను. లంపూకి చేపలు, కళ్ళు మెరుస్తున్నాయి, ఇంకా గట్టిగా ఉన్నాయి. ఎవరు చూసినా తాజావే అంటారు. కాబట్టి అబద్ధం కాదు.

రేపు దీపాల రాత్రి. వీధి దీపాలన్నీ ఆపేస్తారు, కిటికీల్లో మెట్ల మీద కొవ్వొత్తులు పెట్టే పని మళ్ళీ నాకే. ఏడాది మొత్తంలో మా బల్లలకి అంత గిరాకీ ఇంకెప్పుడూ ఉండదు. నాయనమ్మ నాలుగు రోజుల నుంచి బల్లగుడ్డలు ఇస్త్రీ చేయిస్తోంది.

రేపటికి తగ్గిపోతుంది. ఆవిరి పట్టాను.


అక్టోబర్ 13, ఆదివారం

నిన్న రాయలేకపోయాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం విస్తిన్ బాబాయ్ వరండా దీపాలు ఆపేశాడు. చీకటి పడ్డాక జనంలో పడి మర్చిపోతే, ఒడ్డంతా కొవ్వొత్తులు వెలుగుతుంటే మా హోటల్ ఒక్కటే కరెంటు దీపాలతో మెరుస్తుంది, ఊరంతా తిడుతుంది. కిందటేడు అలాగే తిట్టించుకున్నాడు. అందుకని ఈసారి ముందుగానే మీట ఆపేశాడు. పెరట్లో చేపల ఫ్రిజ్ కూడా ఆ మీటకే ఉంది. వేసవిలో ఆ వైరు లాగింది తనే.

చీకటి పడ్డాక పడవవాళ్ళని తిప్పుతున్నాను. పోలండ్ నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉంది. వాళ్ళ పాపకి ఐదేళ్ళుంటాయి. దారంతా నా చెయ్యి పట్టుకుని, కనబడిన ప్రతి పిల్లికీ పేరేమిటని అడుగుతోంది. నేను పేర్లు కల్పించి చెప్తున్నాను. సందులన్నీ బాగున్నాయి. అన్నిటా కొవ్వొత్తుల వాసన వస్తోందని వాళ్ళు అనుకుంటున్నారు. నాకేం రావడం లేదు.

వెనక కిటికీ దగ్గర చెంచా రాలేదు. "ఇలే, లోపలికి రా," అంది అమ్మ. "ఇప్పుడే."

ఫ్రిజ్ కింద నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. అమ్మ చేప ముక్కలు ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూస్తోంది.

"కొన్ని మెత్తబడ్డట్టున్నాయి, కొన్ని లేదు. ఎప్పుడు ఆగిందో తెలియదు. వాసన చూడు."

చూశాను. ఏమీ లేదు. గోడని వాసన చూసినట్టుంది.

బల్లలన్నీ నిండిపోయాయి. నాయనమ్మ నల్ల గౌను వేసుకుని గుమ్మంలో కూర్చుంది. డోరియాన్ పిన్ని సాయానికి వచ్చి కొత్త జాకెట్టుతో బల్లల మధ్య తిరుగుతోంది. అమ్మ నన్నే చూస్తోంది.

తల ఊపాను.

ఊపడం చాలా తేలిక. మెడ కొంచెం కదిలితే చాలు.

అమ్మ ముక్కలు పిండిలో దొర్లించి నూనెలో వేసింది. నేను బయటికొచ్చి కొవ్వొత్తులు సరిచేస్తూ నిలబడ్డాను. గాలికి ఆరిపోయినవి మళ్ళీ అంటించాను. బాబాయ్ మొదటి పళ్ళెం తీసుకెళ్ళి పోలండ్ వాళ్ళ బల్ల మీద పెట్టాడు. తండ్రి ముల్లు తీసి, చిన్న ముక్క చేసి, పాప కోసం ఊదుతున్నాడు. పాప నన్ను చూసి చెయ్యి ఊపింది.

నేను వెళ్ళి ఆ ముక్క ఆయన చేతిలోంచి లాక్కున్నాను. పళ్ళెం ఎత్తి నీళ్ళలోకి విసిరేశాను.

పాప ఏడుపు అందుకుంది.

"ఏయ్! నీకేమన్నా పిచ్చి పట్టిందా?" నాయనమ్మ.

"పళ్ళెం కూడానా?" అన్నాడు చెన్సు తాత పక్క బల్ల నుంచి. "చేపకి ఈత వచ్చు తల్లీ, దానికి రాదు."

నేను వంటింట్లోకి పరిగెత్తాను. నా వెనకే బాబాయ్, పిన్ని, వాళ్ళ వెనక కర్ర పట్టుకుని నాయనమ్మ. తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచి ఆవిడ వంటింటి మెట్టు దిగలేదు. నిన్న దిగింది.

"ఏమిటిది?" అంది.

"ఆ చేప బాగుందో లేదో నాకు తెలియదు," అన్నాను.

"నిన్నెవరు అడిగారు? మీ అమ్మ చూసుకుంటుంది."

అమ్మ పొయ్యి ఆపేసింది. కడాయిలో నూనె చిటపటలాడటం తగ్గేదాకా ఆగింది.

"నాకు తెలియదు అత్తయ్యా. ఫిబ్రవరి నుంచి నాకు వాసన తెలియడం లేదు. రుచీ లేదు. అన్నీ ఇలేనియానే చూస్తోంది."

నాయనమ్మ నా వైపు తిరిగింది. "మరి దీన్ని చూడలేదా?"

"నాకు జలుబు."

అమ్మ నన్ను చూసింది. "ఎప్పటి నుంచి?"

"బుధవారం."

"బుధవారం," అంది అమ్మ. కోపంగా అనలేదు. పిండి బస్తా మీద కూర్చుండిపోయింది. ఆమె నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

నాయనమ్మ ఒక ముక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "బాగానే ఉంది," అంది. బాబాయ్ తీసుకున్నాడు. "ఏమో మరి," అన్నాడు. మీట సంగతి అప్పటికే అతనికి గుర్తొచ్చినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి. పిన్ని వాసన చూసి మొహం తిప్పుకుంది. "మా హోటల్లో అయితే పారేస్తారు."

"మీ హోటల్లో రొట్టె కూడా పారేస్తారు," అంది నాయనమ్మ. "పెట్టండి. బయట జనం ఉన్నారు."

అమ్మ లేచింది. ఫ్రిజ్‌లో ముక్కలు, పిండిలో ముక్కలు, కడాయిలోవి, అన్నీ చెత్తబుట్టలో వేసింది. ఎవరి వైపూ చూడలేదు. "తెలియని చేప నా వంటింట్లోంచి బయటికి వెళ్ళదు," అంది.

నాయనమ్మకి ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు.

బయట ఎవరో గ్లాసు మీద చెంచాతో కొడుతున్నారు.

"ఇంట్లో ఏమున్నాయ్?" అని అడిగింది నాయనమ్మ.

రొట్టె, టమాటాలు, మేక జున్ను, చిక్కుడు గింజల ముద్ద, ఆలివ్‌లు, గుడ్లు.

"గుడ్లు కొట్టండి. డోరియాన్, రొట్టె కొయ్యి. విస్తిన్, నువ్వు దేన్నీ ముట్టుకోకు."

అందరూ అవే తిన్నారు. కొవ్వొత్తుల వెలుగులో గుడ్లట్టు కూడా అందంగానే ఉంటుందని చెన్సు తాత అన్నాడు. పోలండ్ పాప జున్ను తిన్నది. వెళ్ళేటప్పుడు నన్ను చూసి వాళ్ళమ్మ వెనక దాక్కుంది.


అక్టోబర్ 14, సోమవారం

పొద్దున కాఫీ దగ్గర నాయనమ్మ మొదటి మాట: "పిల్లులన్నీ బాగానే ఉన్నాయి."

మొన్న రాత్రే చెత్తబుట్ట పడేసుకుని ఆ చేపంతా తిన్నాయి. కోట గోడ మీద ఎండలో వరసగా పడుకుని ఉన్నాయి. బాబాయ్ నవ్వబోయి ఆగాడు.

స్కూలుకి వెళ్ళొద్దు, కూర్చో అంది నన్ను. అమ్మనీ కూర్చోమంది.

"ఫిబ్రవరి నుంచి నా గిరాకీ తిన్నది ఎవరి వంట?"

"వంట అమ్మదే," అన్నాను.

"ఉప్పు?"

"నాది."

"ఆ పుదీనా?"

"నాదే."

నాయనమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది. చేపలవాడి దగ్గర పెట్టె చూసినట్టు చూసింది. "ఇంగ్లీషు బళ్ళో వేస్తే దీనికి తల ఏదో తోక ఏదో తెలియదనుకున్నాను. ఎండాకాలమంతా ఒక్కడు కూడా పళ్ళెం వెనక్కి పంపలేదు." కర్ర పక్కన పెట్టింది. "సరే. వంటిల్లు దీనిది. మే నెలలో ఆ పరీక్షలేవో రాయనీ, తర్వాత ఇంక పై చదువులెందుకు? మా అమ్మ నన్ను పదకొండేళ్ళకే పొయ్యి ముందు నిలబెట్టింది. మార్తేజ్ వండుతుంది, ఇది చూస్తుంది. ఇప్పటిదాకా దొంగతనంగా చేసింది ఇక మీద బాహాటంగానే చెయ్యండి."

నాకు ఒక్కసారిగా ఒళ్ళు తేలికైపోయింది. ఇల్లు ఉంది. వంటిల్లు ఉంది. ఇంక కుళాయి తిప్పి చీదుకోనక్కర్లేదు. నవ్వొచ్చేసింది.

"వద్దు," అంది అమ్మ.

"ఏం వద్దు?"

"వంటిల్లు డోరియాన్‌కి ఇవ్వండి."

నాయనమ్మకి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"నిన్ను తీసెయ్యడం లేదే పిచ్చిదానా. ఉండమంటున్నాను."

"తెలుసు అత్తయ్యా. పిల్లని ముక్కుగా పెట్టుకుని వండింది చాలు. మొన్న రాత్రి దాని మొహం చూశాను. అది అంత భయపడుతూ తిరుగుతోందని ఇన్నాళ్ళూ నాకు తెలియనే లేదు. పై క్లాసులు చదువుతుంది. నేను బల్లలు తుడుస్తాను, పళ్ళేలు మోస్తాను. గదులు ఖాళీ చెయ్యమంటే చేస్తాను."

"గదుల మాట నేనెప్పుడన్నాను?"

అంది. మార్చిలో అంది. నేను విన్నాను. కానీ ఆవిడ మొహం చూస్తే నిజంగానే ఎప్పుడూ అననట్టుంది.


అక్టోబర్ 15, మంగళవారం

అమ్మతో మాట్లాడటం లేదు.


అక్టోబర్ 16, బుధవారం

ఇవాళ కూడా లేదు. నేను ఎనిమిది నెలలు కాపాడినదాన్ని ఆమె ఒక్క మాటతో ఇచ్చేసింది. నన్ను అడగలేదు. నేను వద్దంటానని తెలిసే అడగలేదు.

రాత్రి నా జుట్టు దువ్వడానికి వచ్చింది. దువ్వనిచ్చాను. మాట్లాడలేదు.


అక్టోబర్ 18, శుక్రవారం

డోరియాన్ పిన్ని స్టార్ హోటల్లో పని మానేసిందట. సామాను సర్దుకోవడానికి వచ్చింది. కత్తులు తనవి తెచ్చుకుంది, ఒక సంచీ నిండా. అమ్మ గిన్నెల చోట్లన్నీ చూపించింది. ఏ మంట ఎక్కువ మండుతుందో, ఏ మూత ఏ గిన్నెకి సరిగ్గా పట్టదో చెప్పింది. పిన్ని ఈసారి ఏ మూతా తీయలేదు.

నేను గుమ్మంలో నిలబడి చూస్తుంటే దగ్గరికొచ్చింది. "నేను అడగలేదు ఇలే. నిజం. ఇప్పుడు ఇచ్చాక మాత్రం భయమేస్తోంది. బఫేలో అయితే ఉప్పు ఎక్కువైతే ఎవరు వేశారో తెలియదు. ఇక్కడ ఆవిడ గుమ్మంలోనే కూర్చుంటుంది."

"మరువం వెయ్యండి," అన్నాను.


అక్టోబర్ 21, సోమవారం

జలుబు పూర్తిగా పోయింది.

సాయంత్రం స్కూలు నుంచి వచ్చి అలవాటుగా వెనక సందులోకే వెళ్ళాను. కిటికీ తెరిచే ఉంది. లోపల పిన్ని వీపు కనబడింది. ఎవరూ చెంచా పెట్టలేదు. పెట్టరు కదా. కాసేపు నిలబడి, ముందు నుంచి తిరిగి మేడ మీదికి వచ్చేశాను.

అమ్మ మంచం మీద కూర్చుని బల్లల మీదికి నాప్‌కిన్లు మడత పెడుతోంది. పడవవాళ్ళు వచ్చే వేళకి ఆమె కిందికి వెళ్ళాలి. చదువున్న రోజుల్లో వాళ్ళని సందుల్లో తిప్పేది ఇక మీద ఆమే. "డాల్ఫిన్‌ని ఇంగ్లీషులో ఏమంటారు?" అని అడిగింది.

"డాల్ఫిన్."

"అయ్యో, అంతేనా?"

నవ్వేశాను. ఆరు రోజులుగా పట్టుకున్న మౌనం అలా పోయింది, నాకే కోపం వచ్చింది. లెక్కల పుస్తకం తెరిచాను. చాలా వెనకబడి ఉన్నాను. మొదటి లెక్కే రాలేదు. రెండోది వచ్చింది.

కింద నుంచి వెల్లుల్లి వేగుతున్న వాసన మెల్లగా మెట్ల మీదుగా పైకి వచ్చింది. మొదట బాగానే ఉంది. తర్వాత ఘాటెక్కింది. ఆ తర్వాత చేదు. అమ్మ మడత పెడుతూనే ఉంది. నేను పెన్ను పెట్టేసి లేచాను.

"ఎక్కడికి?"

"పిన్ని వెల్లుల్లి మాడబెడుతోంది."

అమ్మ నాప్‌కిన్ అంచు గోరుతో నొక్కి సరిచేసింది. తల ఎత్తలేదు.

"మాడనీ," అంది. "కూర్చో."

కూర్చున్నాను.